సియాటిల్‌కు కొత్తగా వచ్చారా? పిన్‌బాల్ లీగ్‌లో చేరండి

ఉద్యోగం కోసం సియాటిల్, రెడ్మండ్ వైపు వచ్చిన మనవాళ్లకు మొదటి చలికాలం భారంగా గడుస్తుంది. నవంబరు సగానికల్లా సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. చినుకు ఒక పట్టాన ఆగదు. ఆఫీసు, ఇల్లు తప్ప అడుగు పెట్టే చోటు కనిపించదు. అలాంటివారిని నేను పిన్‌బాల్ లీగ్‌కు వెళ్లమంటాను. గాజు కింద వాలు బల్ల మీద దొర్లే ఉక్కు బంతిని, అడుగుకు జారిపోకుండా మీటలతో కొడుతూ స్కోరు పెంచుకునే యంత్రపు ఆట ఇది. ఈ నగరంలో ఆ ఆటకు అభిమానులు చాలామంది ఉన్నారు. బెల్‌టౌన్‌లోని షార్టీస్ లాంటి బార్లలో వరుసగా యంత్రాలు ఉంటాయి. మండే నైట్ పిన్‌బాల్ పేరుతో జట్ల లీగ్ కూడా నడుస్తుంది.

అయితే పోటీ ఏ పద్ధతిలో జరుగుతుందో ముందే కనుక్కోండి. నేను మొదటిసారి వెళ్లింది ‘త్రీ స్ట్రైక్స్’ పోటీకి. ఓడిన ప్రతిసారీ ఒక స్ట్రైక్ పడుతుంది, మూడు పడితే ఆట ముగిసినట్టే. ఎవరి పేరూ తెలియకముందే బస్సెక్కి ఇంటికి వచ్చేశాను. చేయి తిరిగినవారికి అది మంచి పోటీయే. కొత్తవారికి కావలసింది మాత్రం ఓడినా ఆడుతూ ఉండే అవకాశం. అది లీగ్‌లో దొరుకుతుంది.

ఎవరికి వారు ఆడే లీగ్‌లో సాధారణంగా నలుగురిని ఒక గుంపు చేస్తారు. ఆ నలుగురూ కలిసి ఒకదాని తర్వాత ఒకటిగా కొన్ని యంత్రాల మీద ఆడతారు. ఒక్కొక్కరికి మూడేసి బంతులు, ఒక బంతి పోగానే తర్వాతివారి వంతు. స్కోరును నేరుగా కలపరు, స్థానాన్ని బట్టి పాయింట్లు ఇస్తారు. కొన్నిచోట్ల 4, 2, 1, 0, మరికొన్నిచోట్ల 7, 5, 3, 1. దీనికి కారణం ఉంది. 1970ల నాటి యంత్రం మీద లక్ష దాటడమే గొప్ప కావచ్చు. 1995లో వచ్చిన ‘అటాక్ ఫ్రమ్ మార్స్’ మీద వంద కోట్లు మామూలు స్కోరు. రెండూ కలిపితే పాత యంత్రం మీద పడిన శ్రమకు విలువే ఉండదు. స్థానాల లెక్కలో రెండూ సమానం. ఒక ఆట ఎంత ఘోరంగా పోయినా నష్టం ఆ ఒక్క ఆటకే పరిమితం. పైగా చాలా లీగ్‌లు అతి తక్కువ పాయింట్లు వచ్చిన వారాన్ని లెక్కలోంచి తీసేస్తాయి. చివర్లో ఫైనల్స్‌ను పాయింట్లను బట్టి ఎ, బి విభాగాలుగా నడిపే చోట మొదటి సీజన్‌లోనే మీరూ ఫైనల్ ఆడవచ్చు.

ఆడే వరుసను తేలిగ్గా తీసుకోకండి. చివరగా ఆడేవారికి ఎంత కొడితే గెలుస్తారో ముందే తెలుస్తుంది. వరుస ఎంచుకోమంటే నాలుగో స్థానం కోరండి.

‘పిన్ గోల్ఫ్’ అనే సరదా పద్ధతి కూడా ఉంది: నిర్ణయించిన లక్ష్యాన్ని ఎంత తక్కువ బంతుల్లో చేరితే అంత మంచిది. మహిళలకు 2013లో కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో మొదలైన ‘బెల్స్ అండ్ చైమ్స్’ లీగ్ ఉంది, దాని శాఖలు చాలా నగరాల్లో నడుస్తున్నాయి.

యంత్రాన్ని కొద్దిగా కుదపడం మోసమని మనవాళ్లు చేతులు కట్టేసుకుంటారు. కానే కాదు, అది ఆటలో భాగమే. హద్దు మీరితే ‘టిల్ట్’ అయి ఆ బంతి పోతుంది. కొత్త యంత్రాలైతే సాధారణంగా అంతకుముందే హెచ్చరిస్తాయి. అసలు జాగ్రత్త వంతు విషయంలో కావాలి. పొరపాటున ఇంకొకరి బంతి ఆడితే సాధారణంగా ఆ ఆటలో మీకు ఆఖరి స్థానమే ఇస్తారు. ప్లంజర్ (బంతిని ఆటలోకి వదిలే స్ప్రింగు పిడి) లాగే ముందు తెర మీద మీ వరుస అంకె ఉందో లేదో చూసుకోండి. బంతి ఎక్కడైనా ఇరుక్కుంటే యంత్రాన్ని ఊపకుండా నిర్వాహకులను పిలవండి.

బార్లలో 21 ఏళ్లు నిండాయని చూపించాలి. ఇక్కడి లైసెన్సు వచ్చేదాకా పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి. మద్యం తాగాలన్న నియమమేమీ లేదు, నేను సోడాతోనే గడుపుతాను. యంత్రాల్లో వేయడానికి క్వార్టర్లు, అంటే 25 సెంట్ల నాణేలు, సరిపడా తెచ్చుకోండి. బ్యాంకులో 10 డాలర్లిస్తే 40 నాణేల చుట్ట ఇస్తారు.

సీజన్ సగంలో ఉందని ఆగిపోకండి. జట్ల లీగ్‌లో ఎవరో ఒకరు రాలేని వారం తప్పకుండా ఉంటుంది, బదులు ఆడేవారి కోసం కెప్టెన్లు వెతుకుతూ ఉంటారు. నాకు మొదటి జట్టు దొరికింది అలాగే.