పాత టాకీసు సంగీత కచేరీ హాలైంది: దాని చరిత్ర రాయడం ఎలా

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. దక్షిణ ఒడిశాలోని ఈ ఊళ్లలో మన తాతల నాటి సినిమాహాళ్లలో గోదాములైనవి ఉన్నాయి, కల్యాణమండపాలైనవి ఉన్నాయి, నేలమట్టమైనవీ ఉన్నాయి. కచేరీ హాలుగా మారే టాకీసు అదృష్టవంతురాలు, గోడలైనా మిగులుతాయి. కానీ చరిత్రకు ఎక్కువ నష్టం జరిగేది ఆ మార్పు జరిగే మొదటి నెలలోనే. కుర్చీలు పాత ఇనుము కొట్టుకి, రిజిస్టర్లు చిత్తుకాగితాల వాడికి వెళ్లిపోతాయి, ప్రొజెక్టరు క్యాబిన్ గోడలకు సున్నం పడుతుంది.

ఈ పని మొదలుపెట్టేవాళ్లు చాలామంది నేరుగా పెద్దవాళ్ల దగ్గరికి వెళ్లి ‘ఆ రోజుల గురించి చెప్పండి’ అంటారు. ఆ వరస తప్పు. ముందు కట్టడం, తర్వాత కాగితం, ఆ తర్వాత మనిషి. చేతిలో ఒక కొలతో ఒక టికెట్టు ముక్కో ఉంటే జ్ఞాపకం దాన్ని పట్టుకుని లేస్తుంది. అవేమీ లేకపోతే అందరూ ఒకే మాట చెబుతారు: ‘భలే రోజులండీ అవి.’

కూలీలు దిగకముందే కొలవండి

ఇద్దరు మనుషులు, రెండు రోజులు. 30 మీటర్ల టేపు, మంచి టార్చి, సుద్దముక్క, గళ్ల కాగితం, ఫోను ఉంటే చాలు. ఫొటో తీసే ప్రతి చోటా అడుగు స్కేలు పెట్టి తీయండి. కొలత లేని ఫొటో రేపు ఎవరికీ ఉపయోగపడదు.

నేల నుంచి మొదలుపెట్టండి. కుర్చీలు పీకేసినా బోల్టు రంధ్రాలు ఉంటాయి. వాటిని వరసవారీగా లెక్కపెట్టి కాగితం మీద చుక్కలు పెట్టండి. రంధ్రాల వరసలు ఎక్కడ ఆగిపోయాయో, అక్కడి నుంచి తెర వరకు గచ్చు నున్నగా ఉందో చూడండి. అలా ఉంటే అది నేల క్లాసు. ఆ గచ్చు మీద అడ్డంగా పొడవాటి గీతలు, మూడు నాలుగు అడుగుల దూరంలో జంట గుంతలు ఉంటే బెంచీలు ఉండేవన్నమాట. కొన్నిచోట్ల రెండు రకాల రంధ్రాలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి, పాత కుర్చీల ఎడం వేరు, కొత్త కుర్చీల ఎడం వేరు. అంటే హాలుకి ఒకసారి కుర్చీలు మార్చారు. ఆ సంవత్సరం లైసెన్సు ఫైల్లో దొరకాలి. ఈ చుక్కల కాగితమే అప్పుడు రుజువు.

తర్వాత స్టేజీ లోతు. సినిమా కోసమే కట్టిన హాల్లో తెర వెనక స్పీకర్లు పట్టేంత జాగా ఉంటే సరిపోతుంది, నాలుగు నుంచి ఆరడుగులు. పదిహేను, ఇరవై అడుగుల లోతు ఉండి, పక్కన వింగులకు చోటు, పైన తెరలు లాగే కప్పీల కొక్కేలు కనిపిస్తే ఆ హాలు నాటకశాలగా పుట్టి ఉండొచ్చు. అలాంటి హాలు ఇప్పుడు కచేరీలకు మారిందంటే పుట్టినింటికి తిరిగి వచ్చినట్టే. చరిత్రలో ఆ మాట మొదటి పేజీలో ఉండాలి.

వెనక గోడ మీద తెర చట్రం మేకుల గుర్తులు కొలవండి. వెడల్పుని ఎత్తుతో భాగిస్తే 1.37 దగ్గర వస్తే పాత పద్ధతి తెర. 2.35 దగ్గర వస్తే సినిమాస్కోపు. తెలుగులో తొలి సినిమాస్కోపు సినిమా అల్లూరి సీతారామరాజు, 1974 మే 1న విడుదలైంది. హిందీ, ఇంగ్లీషు స్కోపు బొమ్మలు అంతకుముందే ఉన్నాయి కాబట్టి ఒక్క ఆ సినిమాతోనే తేదీ తేల్చేయకండి. కానీ ‘తెర ఎప్పుడు వెడల్పు చేశారు’ అన్న ప్రశ్నకు అది మంచి కొస.

ఒక హెచ్చరిక. పైకప్పు రేకులు, క్యాబిన్ లోపలి పలకలు ఆస్‌బెస్టాస్ అయి ఉండొచ్చు. విరగ్గొట్టొద్దు, డ్రిల్లు వేయొద్దు, పొడిచీపురుతో ఊడవొద్దు. పాతబడి పొడి రాలుతున్న చోటికి వెళ్లక తప్పకపోతే తడిపి, పీ100 ఫిల్టరున్న మాస్కు బిగించుకుని వెళ్లండి, మామూలు ఎన్95 చాలదు. ఆ నూలుపోగుల్లాంటి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు.

క్యాబిన్: ఇక్కడ తొందరపడకండి

హాలు మొత్తంలో సమాచారం ఎక్కువగా ఉండేది ఆపరేటర్ గదిలోనే. మూడు పూటలు పెట్టండి.

ముందు గోడకు ఎన్ని కిటికీలున్నాయో చూడండి. రెండు ప్రొజెక్టర్లకు రెండు, ఆపరేటర్ చూడటానికి మరొకటో రెండో, స్లైడ్లకు ఇంకొకటి. కిటికీలకు పైనుంచి జారిపడే ఇనుప పలకలుంటే వాటిని తీసేయనివ్వకండి. పాత నైట్రేటు ఫిల్ము అంటుకుంటే మంట హాల్లోకి రాకుండా అవి మూసుకునేవి. రెండు ప్రొజెక్టర్లు ఎందుకంటే, నిమిషానికి 90 అడుగుల ఫిల్ము నడుస్తుంది. 1000 అడుగుల రీలు 11 నిమిషాలు, 2000 అడుగుల రీలు 22 నిమిషాలు. ఒకటి అయిపోయే లోపు రెండోది సిద్ధంగా ఉండాలి. తెర కుడి పై మూల చిన్న చుక్క ఒకటి మెరుస్తుంది, రెండో మిషను మోటారు వేయాలి. మరో ఏడు సెకన్లకు ఇంకో చుక్క, అప్పుడు మార్చాలి. ‘16 రీళ్లు’ అని పోస్టరు మీద ఉంటే దాదాపు మూడు గంటల బొమ్మ. ఈ లెక్క తెలిస్తే, రోజుకి నాలుగాటలు వేశామని ఎవరైనా చెప్పినప్పుడు అది కుదిరే మాటో కాదో మీకే తెలుస్తుంది.

తలుపు వెనక, స్విచ్‌బోర్డు పక్కన, రీళ్లు చుట్టే బల్ల పైన గోడని టార్చి పక్కవాటంగా పెట్టి చూడండి. నిలువుగా పడే వెలుగులో కనిపించని పెన్సిలు రాతలు అడ్డవెలుగులో లేస్తాయి. ఆపరేటర్లు గోడనే డైరీ చేసుకునేవారు: ఫిల్ము పెట్టె వచ్చిన తేదీ, రీలు నంబరు, ఆర్క్ దీపంలో ఎన్ని కార్బన్ కడ్డీలు కాలాయి, కరెంటు ఎప్పుడు పోయింది. తెలుగులో, ఒడియాలో, అంకెల్లో కలగాపులగంగా ఉంటాయి. తుడవకండి, తడిగుడ్డ పెట్టకండి. ఎడమ నుంచి, కుడి నుంచి, పై నుంచి వెలుగు వేసి మూడేసి ఫొటోలు తీయండి. సున్నం వేసేవాళ్లు ఆ గోడని వదిలేసేలా మేనేజరుతో ముందే మాట్లాడి, దాని మీద పారదర్శకమైన పలక ఒకటి, గోడకు అంగుళం ఎడంగా బిగించమనండి. అంటించేస్తే చెమ్మ పట్టి రాత పోతుంది.

దొరికే సామాన్లలో రెండు ప్రమాదకరమైనవి. ఒకటి, పాదరసం రెక్టిఫయరు: ఆర్క్ దీపానికి డీసీ కరెంటు ఇవ్వడానికి వాడే పెద్ద గాజు బుడ్డి, అడుగున పాదరసం. పగిలితే గది అంతా విషం. దాన్ని ఎక్కడున్నదక్కడే వదిలి తాళం వేసి, తెలిసినవాళ్లను పిలవండి. రెండోది ఫిల్ము ముక్కలు. అంచున ‘సేఫ్టీ’ అని ఇంగ్లీషులో ఉంటే నిప్పు భయం తక్కువ. వెనిగరు వాసన వస్తే అది అసిటేట్ ఫిల్ము కుళ్లుతున్నదని, మిగతా వాటికి దూరంగా పెట్టండి. ‘నైట్రేట్’ అని ఉన్నా, 1950ల ముందుదని అనుమానం వచ్చినా అగ్గిపుల్లతో పరీక్షించే పిచ్చిపని చేయకండి. ఆ మంటకి ఆక్సిజన్ దానిలోనే పుడుతుంది, నీళ్లు పోసినా ఇసుక పోసినా ఆగదు. చల్లటి చోట, గట్టిగా మూయని డబ్బాలో ఉంచి, పుణేలోని జాతీయ ఫిల్ము ఆర్కైవుకి రాయండి. 1964 నుంచి వాళ్లు చేస్తున్న పనే అది.

హాలు చప్పుడు కూడా చరిత్రే

సినిమాహాలు పొడి చప్పుడుతో ఉండాలి. ప్రతిధ్వని బొమ్మలోనే రికార్డయి ఉంటుంది, హాలు తనది కూడా కలిపితే డైలాగు ముద్దయిపోతుంది. అందుకే గోడలకు గోనెపట్టా, కొబ్బరిపీచు, చెక్కపొట్టు బోర్డులు కొట్టేవారు. కచేరీకి వచ్చేసరికి మృదంగం ఆ పొడితనాన్ని ఇష్టపడుతుంది, వీణా వయొలినూ మాత్రం బక్కచిక్కిపోతాయి. అది చూసి బోర్డులన్నీ పీకి, నేలంతా టైల్సు వేస్తే రెండో తప్పు.

లెక్క సులువు. హాలు ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గోడలు, కుర్చీలు, కర్టెన్లు శబ్దాన్ని పీల్చుకునే మొత్తంతో భాగిస్తే శబ్దం ఆరడానికి పట్టే సెకన్లు వస్తాయి. 25 మీటర్ల పొడవు, 14 వెడల్పు, 8 ఎత్తు హాలంటే 2800 ఘనమీటర్లు. పీల్చుకునేది 450 చదరపు మీటర్లుంటే ఒక సెకను. మెత్తటి కుర్చీలు, కర్టెన్లు, బోర్డులు తీసేసి అది 300కి పడితే ఒకటిన్నర సెకను. మైకు పెట్టి పాడే కచేరీలో మాట అర్థం కావడం అక్కడి నుంచే కష్టమవుతుంది.

మార్పుకి ముందే, ఖాళీ హాల్లో స్టేజీ మధ్య నిలబడి పెద్ద బెలూను పగలగొట్టి, నేల, కుర్చీ, బాల్కనీ, క్యాబిన్ కిటికీ దగ్గర నాలుగు చోట్ల రికార్డు చేయండి. ఫ్యాన్లన్నీ ఆపాలి, చప్పుడుని తనంతట పెంచి తగ్గించే ఆటోమేటిక్ లెవెల్ ఫోన్లో తీసేయాలి, వేవ్ ఫైలుగా దాచాలి. స్టేజీ నుంచి వెనక గోడ 30 మీటర్లుంటే చప్పుడు 60 మీటర్లు తిరిగి వచ్చేసరికి సెకనులో ఆరోవంతు పైన పడుతుంది, రెండు చప్పుళ్లు విడివిడిగా వినిపిస్తాయి. పాత ప్రేక్షకులు ‘ముందు వరసలో మాట రెండుసార్లు వినబడేది’ అంటే కారణం ఇదే. ఆ నాలుగు రికార్డులూ పాత హాలు గొంతు. మళ్లీ దొరకవు.

కాగితం ఎక్కడుంటుంది

మన ప్రాంతంలో ఇదే పెద్ద చిక్కు, ఎందుకంటే ఊరు కదల్లేదు కానీ సర్కారు కదిలింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడే వరకు గంజాం, జయపురం ఏజెన్సీ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. అంతకుముందు కాగితం కావాలంటే చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో వెతకాలి. ఆ తర్వాతి బరంపురం హాలు లైసెన్సు ఫైలు బరంపురంలో వెతికితే దొరకదు, గంజాం జిల్లా కేంద్రం ఛత్రపురం. పర్లాకిమిడి 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా అయింది, అంతకు పూర్వం ఫైలు ఛత్రపురానిదే. గుణుపురం, రాయగడ అదే రోజు కొత్తగా ఏర్పడిన రాయగడ జిల్లాలోకి వెళ్లాయి, వాటి పాత ఫైళ్లు కోరాపుట్‌లో. మహారాష్ట్ర వైపు తెలుగువాళ్లున్న ఊళ్లకూ ఇదే సూత్రం: నాందేడ్, దెగ్లూరు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రం కాబట్టి హైదరాబాదు తార్నాకలోని ఆర్కైవ్స్, షోలాపూరు అయితే బొంబాయి.

సమాచార హక్కు దరఖాస్తులో కాపీలు అడగడం కన్నా ‘ఫైలు పరిశీలన’ అడగండి. ఏ కాగితం ఉందో తెలియకుండా కాపీలు అడిగితే ‘లభ్యం కాదు’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఫైల్లో వెతకాల్సినవి: మంజూరైన ప్లాను, తరగతుల వారీ సీట్ల సంఖ్య, ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరు సర్టిఫికెట్టు, రెన్యువల్ తేదీలు. ప్లానులో బావి, సైకిలు స్టాండు, ఆడవాళ్ల గేటు కూడా ఉంటాయి. వాటిని మీ కొలతల పక్కన పెట్టండి.

ఓనరు ఇంట్లో డీసీఆర్ పుస్తకాలు అడగండి. రోజువారీ కలెక్షను కాగితం అది: ఏ ఆట, ఏ క్లాసు, మొదటి టికెట్టు నంబరు, చివరి నంబరు, గ్రాసు, వినోదపన్ను, నెట్టు. చివరి నంబరులోంచి మొదటి నంబరు తీసి ఒకటి కలిపితే ఎంతమంది కూర్చున్నారో వస్తుంది. ఊళ్లో యాత్ర రోజున నేల క్లాసు ఎలా నిండిందో, పరీక్షల నెలలో బాల్కనీ ఎలా ఖాళీ అయిందో ఆ కాలమ్‌లో చదవొచ్చు.

ఇక టికెట్టు ముక్క. పల్చటి రంగు కాగితం, బొటనవేలంత, ఒక అంచు చింపింది, వెనక రబ్బరు ముద్ర సగం. దాని మీద అణాల్లో ధర ఉంటే 1957 ఏప్రిల్‌కి ముందుది, లేదా ఆ మార్పు రోజుల్లోది. ‘నయా పైసలు’ అని ఉంటే 1957 నుంచి 1964 మధ్య, వట్టి ‘పైసలు’ అంటే 1964 జూన్ తర్వాత. కానీ అచ్చయిన మాటకే ఈ లెక్క. నోటిమాటగా ‘నాలుగణాల టికెట్టు’, ‘బేడ టికెట్టు’ ఆ తర్వాత చాలాకాలం నడిచాయి. లెటర్‌హెడ్డు మీద పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది.

టికెట్లు, పాటల పుస్తకాలు 600 డీపీఐలో రెండు వైపులా స్కాను చేయండి. లామినేషన్ వద్దు, సెల్లోటేపు అసలే వద్దు. టేపు జిగురు పదేళ్లలో గోధుమరంగు మరకై అక్షరాన్ని తినేస్తుంది.

మనుషుల దగ్గరికి

ఓనరు కుటుంబంతో ఆపకండి. ఆపరేటరు, గేటు కీపరు, బుకింగు క్లర్కు, రిక్షాకి మైకు కట్టి ఊరంతా తిరిగినవాళ్లు, పోస్టర్లు అంటించినవాళ్లు, ఇంటర్వెల్లో సోడా, వేరుశనక్కాయలు అమ్మినవాళ్లు, పెట్టెతో పాటు వచ్చిన డిస్ట్రిబ్యూటరు రిప్రజెంటేటివు. ఆడవాళ్లతో విడిగా, వీలైతే మరో ఆడమనిషి మాట్లాడాలి. మగవాళ్లు పక్కనుంటే ‘మీరే చెప్పండి’ అని ఊరుకుంటారు. లేడీస్ క్యూ, చంటిపిల్లలు, రెండో ఆట తర్వాత ఇంటికి నడక ఇవన్నీ వాళ్ల దగ్గరే ఉన్నాయి.

మాట్లాడేవారిని హాలుకే తీసుకురండి. ‘అమ్మా, మీరు ఏ వైపు నుంచి లోపలికొచ్చేవారు? చూపించండి’ అని అడిగితే కాళ్లు గుర్తు చేస్తాయి. గంట దాటించకండి. తెలుగు, ఒడియా కలిపి మాట్లాడితే అలాగే రాసుకోండి, శుద్ధి చేయకండి. ‘రిక్షా మైకు ఒడియాలో ఒక వీధి, తెలుగులో ఒక వీధి’ లాంటి మాట శుద్ధి చేస్తే పోతుంది. రికార్డు చేయడానికి, పేరు వాడటానికి విడివిడిగా అనుమతి తీసుకోండి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో కులం నిర్ణయించిన సంగతులు వస్తే వాటినీ రాయండి. చెప్పినవారు పేరు వద్దంటే పేరు తీసేయండి, సంగతి మాత్రం తీయకండి.

సంవత్సరం అడగొద్దు, గుర్తు అడగండి. ‘పెళ్లికి ముందా, తర్వాతా? పెద్దవాడు పుట్టాడా అప్పటికి?’ రేకులు ఎగిరిపోయాయంటే ఏ తుపాను? పైలిన్ 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర. సినిమా పేరు చెబితే అది విడుదల తేదీ మాత్రమే, మీ ఊరి తేదీ కాదు. చిన్న ఊళ్లకు పెట్టె నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఆలస్యంగా, గీతలు పడ్డాక వచ్చేది. 1963 నాటి లవకుశని ఒకరు 1966లో చూశామంటే వాళ్లు పొరబడలేదు. డీసీఆర్ తీసి చూడండి.

రాసేటప్పుడు ప్రతి వాక్యం పక్కన అది గోడ చెప్పిందా, కాగితం చెప్పిందా, మనిషి చెప్పాడా అన్నది గుర్తు పెట్టండి. రెండు మాటలు పొసగకపోతే రెండూ ఉంచండి. కచేరీ హాలు వరండాలో పెట్టే బోర్డు తెలుగు, ఒడియా రెండింట్లో, కంటి ఎత్తున, నేల నుంచి నాలుగున్నర అడుగుల మధ్యరేఖతో ఉండాలి. కింద అరడుగు ఖాళీ వదలండి. బోర్డు చూసి ‘మా నాన్న ఇక్కడే గేటు కీపరండీ’ అంటూ వచ్చేవాళ్లు మొదటి కచేరీ రాత్రే వస్తారు. వాళ్ల పేరూ ఫోను నంబరూ రాసుకోవడానికి ఒక పుస్తకం, దారం కట్టిన పెన్ను అక్కడే బల్ల మీద ఉంచండి.