ఇంట్లోవాళ్ళకి క్రిస్మస్ గిఫ్టులు ఎలా ఇవ్వాలి, ఎలా తీసుకోవాలి?

ఫ్రెండ్స్‌కో ఆఫీసువాళ్ళకో గిఫ్ట్ ఇవ్వడం పెద్ద పనేం కాదు, ఇచ్చేసి వచ్చేస్తాం, వాళ్ళు దాన్ని వాడారో ఇంకెవరికైనా ఇచ్చేశారో మనకి తెలీదు, తెలియక్కర్లేదు కూడా. చిక్కంతా ఇంట్లోవాళ్ళతోనే. కొనిచ్చిన షర్టు ఒక్కసారైనా వేసుకున్నారా, బొమ్మ రెండో రోజుకే మంచం కిందకి పోయిందా అన్నీ కళ్ళముందే కనపడుతుంటాయి.

ఒక ఏడాది నేను మా నాన్నకి స్మార్ట్ వాచ్ కొన్నా. చాలా వెతికి, రివ్యూలన్నీ చదివి, మంచిదే కొన్నా. నాలుగు రోజులు పెట్టుకున్నారు, రోజూ ఛార్జింగ్ పెట్టాలంటే చిరాకొచ్చి తీసి బీరువాలో పడేశారు. అప్పటికి కొన్ని నెలలుగా ఫోన్ చేసినప్పుడల్లా ఆయన "కళ్ళజోడు ఫ్రేమ్ వదులైపోయిందిరా, వంగితే జారిపోతోంది" అంటూనే ఉన్నారు, నేను ఊఁ కొడుతూనే ఉన్నా. అంటే ఏం కావాలో ఆయనే చెప్పారు, నేనే వినలేదు. ఆ తర్వాత నేర్చుకున్నవే ఇవన్నీ.

1. నవంబర్‌లోనే అందరూ ఒక మాట అనుకోండి

డిసెంబర్ 20 దాటాక మొదలుపెడితే కొనేది గిఫ్ట్ కాదు, షాపులో మిగిలింది. అందుకని ముందే ఇంట్లో అందరూ ఫోన్లోనో గ్రూప్‌లోనో ఒకసారి మాట్లాడుకుని తేల్చుకోవాల్సింది ఏంటంటే, ఎవరు ఎవరికి ఇస్తున్నారు అని. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ లెక్క వేసి చూడండి, అమ్మానాన్న, అన్నావదిన, మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, మొత్తం 8 మంది అనుకుందాం. ప్రతి ఒక్కరూ మిగతా 7 మందికీ ఇవ్వాలంటే 56 గిఫ్టులు! అదే చీటీలు వేసుకుని ఒక్కొక్కరు ఒక్కరికే ఇస్తే 8. కొందరు పెద్దవాళ్ళ మధ్య ఏమీ వద్దు, పిల్లలకి మాత్రమే ఇద్దాం అనుకుంటారు, అదీ బాగానే ఉంటుంది. ఏది అనుకున్నా పర్లేదు, అందరూ ఒకటే అనుకోవాలి అంతే. లేకపోతే ఒకళ్ళు పది ప్యాకెట్లు మోసుకొస్తారు, ఇంకొకళ్ళు ఉత్త చేతులతో వచ్చి ఆ రోజంతా తలెత్తలేరు.

డబ్బు సంగతి కూడా ఇప్పుడే. ఇంతకి మించి ఎవరూ పెట్టకూడదు అని ఒక లిమిట్ పెట్టుకోండి, ఆ లిమిట్ ఇంట్లో అందరికంటే తక్కువ సంపాదించేవాళ్ళు ఇబ్బంది పడకుండా పెట్టగలిగినంత ఉండాలి. ఇంకో ముఖ్యమైన విషయం, ఆ మాట ఎక్కువ సంపాదించేవాళ్ళ నోట్లోంచే రావాలి. ఉద్యోగం పోయిన తమ్ముడో, కొత్తగా లోన్ కడుతున్న మరదలో "ఈసారి తక్కువలో చేద్దామా" అని నోరు తెరిచి అడగాల్సిన పరిస్థితి తేకండి.

2. చీటీలు వేసుకుంటుంటే

సీక్రెట్ శాంటా అంటే అందరికీ తెలిసిందే, పేర్లు రాసి గిన్నెలో వేసి తలా ఒకటి తీసి, వచ్చిన పేరువాళ్ళకి ఎవరో చెప్పకుండా గిఫ్ట్ ఇవ్వడం. ఇందులో ఒక తమాషా ఉంది, ఎవరి పేరు వాళ్ళకే రాకుండా మొత్తం చీటీలు సరిగ్గా పడే అవకాశం దాదాపు 37 శాతమే. నలుగురున్నా నలభై మందున్నా ఇంచుమించు అంతే. అంటే మూడింట రెండుసార్లు ఎవరో ఒకరు "అయ్యో నా పేరే నాకు వచ్చింది" అంటారన్నమాట, కాబట్టి అలా అయితే కంగారుపడకండి. ఆ ఒక్కరి చీటీ వెనక్కి వేసి మళ్ళీ తీయించడం కంటే అందరూ మొదట్నుంచి తీయడమే మంచిది, ఎందుకంటే చివర్లో తీసేవాళ్ళ దగ్గర మళ్ళీ అదే గొడవ వస్తుంది.

అంత ఓపిక లేకపోతే ఇంకో దారి, పేర్లన్నీ కలిపేసి ఒక గుండ్రంలో పేర్చండి, ప్రతి ఒక్కరూ తన తర్వాతి పేరువాళ్ళకి ఇవ్వాలి. భార్యాభర్తలు ఎలాగూ ఒకరికొకరు ఇచ్చుకుంటారు కదా, వాళ్ళ పేర్లు పక్కపక్కన రాకుండా చూస్తే చాలు. కాకపోతే పేర్చినవాళ్ళకి మొత్తం రహస్యం తెలిసిపోతుంది, ఆ పని బయటికి చెప్పకుండా ఉండగలిగేవాళ్ళకే అప్పజెప్పండి. (మా ఇంట్లో అలాంటివాళ్ళు లేరు, మేం ఫోన్ యాప్ వాడతాం.)

3. ఏం కొనాలి

1993లో జోయెల్ వాల్డ్‌ఫోగెల్ అనే అమెరికన్ ఆర్థికవేత్త కాలేజీ పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాడు, నీకు వచ్చిన క్రిస్మస్ గిఫ్టులకి ప్రేమ అవీ పక్కనపెట్టి వస్తువుగా ఎంత విలువ కడతావు అని. కొన్న ధర కంటే పదో వంతు నుంచి మూడో వంతు దాకా తక్కువ తేలింది. స్నేహితులు, ప్రేమించినవాళ్ళు ఇచ్చినవి బాగానే ఉన్నాయి, బాగా గురి తప్పినవి ఏంటంటే దూరపు కుటుంబసభ్యులు ఇచ్చిన వస్తువులు. ప్రేమ పక్కనపెట్టి లెక్క వేస్తే గిఫ్ట్‌లో ఇంకేం మిగుల్తుంది అని మీరు అనొచ్చు, నిజమే. కానీ పాయింట్ ఏంటంటే రోజూ చూడని మనిషికి ఏం కావాలో మనం ఊహించలేం, అందుకే ఊహించడం మానేసి వినండి, లేదా అడగండి.

వినడం ఎలాగంటే ఫోన్లో ఒక నోట్ పెట్టుకోండి, ఒక్కొక్కరి పేరు కింద ఏడాది పొడవునా వాళ్ళు నోరుజారిన మాటలు రాసుకోండి. "ఈ బ్యాగ్ జిప్ పట్టట్లేదు", "రాత్రిపూట చదువుకోడానికి లైట్ చాలట్లేదు", "చిన్నప్పుడు బొమ్మలేసేదాన్ని". కావాలి అన్న మాటకంటే విసుక్కున్న మాటలోనే ఎక్కువ దొరుకుతుంది. నోట్ లేకపోతే సిగ్గుపడకుండా అడిగేయండి, "ఏం కావాలి" అని కాకుండా "ఇది కావాలా, అదా" అని. ఏం కావాలి అంటే పెద్దవాళ్ళ దగ్గర్నుంచి వచ్చే జవాబు ఒకటే, నాకేం వద్దు. సర్‌ప్రైజ్ పోతుంది కదా అంటారా, సర్‌ప్రైజ్ ఉండేది ప్యాకెట్ విప్పే అర నిమిషం, ఆ తర్వాత వస్తువుతో ఉండాల్సింది వాళ్ళు.

కొనకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. బరువు చూసుకునే మెషీను, జిమ్ మెంబర్‌షిప్, ముడతలు పోయే క్రీము, ఇవి వాళ్ళంతట వాళ్ళు అడిగితే తప్ప గిఫ్టులు కావు, రంగు కాగితం చుట్టిన విమర్శలు. అలాగే మిక్సీ ఇంటి అవసరం, అమ్మకి గిఫ్ట్ కాదు (అమ్మ తనంతట తాను అదే అడిగితే వేరే సంగతి). ప్రాణమున్న కుక్కపిల్లనీ పిల్లిపిల్లనీ చెప్పకుండా తేకండి. డబ్బు ఇవ్వొచ్చా అంటే ఇవ్వొచ్చు, టీనేజ్ పిల్లలకి అదే ఇష్టం, కవర్‌లో రెండు లైన్లు చేత్తో రాసి పెట్టండి. గిఫ్ట్ కార్డ్ అయితే గడువు తేదీ చూసి కొనండి.

4. పిల్లల విషయం వేరే

చిన్నపిల్లలకి ధర తెలీదు, లెక్క తెలుసు. అన్నకి ఒక్క సైకిలు, చెల్లికి నాలుగు చిన్న ప్యాకెట్లు ఇస్తే అన్న మొహం చూడాలి మీరు. పదేళ్ళు దాటితే తిరగబడుతుంది, అప్పుడు ధరలు వెతుకుతారు. కొన్ని ఇళ్ళలో పిల్లలకి మూడే గిఫ్టులు అని రూల్ పెట్టుకుంటారు, మత్తయి సువార్త రెండో అధ్యాయంలో జ్ఞానులు తెచ్చినవి బంగారం, సాంబ్రాణి, బోళం, బాల యేసుకి మూడే వచ్చాయి నీకు ఇంకా ఎందుకు అని. వాదించడానికి పిల్లల దగ్గర జవాబుండదు, మంచి రూల్.

ఇది మాత్రం ఆషామాషీగా తీసుకోకండి, పెట్టె మీద వయసు చూసి కొనండి, మూడేళ్ళలోపు పిల్లలకి ఊడొచ్చే చిన్న ముక్కలు ఉన్నవి వద్దు. నాణెంలా ఉండే బటన్ బ్యాటరీలు పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, కాబట్టి బ్యాటరీ మూతకి స్క్రూ ఉన్న బొమ్మలే తీసుకోండి, మింగారని అనుమానం వచ్చినా సరే ఆగకుండా హాస్పిటల్‌కి వెళ్ళండి. చిన్న గట్టి అయస్కాంతాలు కూడా అంతే ప్రమాదం, రెండు మింగితే పేగుల్లో ఒకదానికొకటి అతుక్కుంటాయి. పెద్ద బ్యాటరీలతో నడిచే బొమ్మైతే అవి ముందే కొని ఉంచండి, పండగ పొద్దున షాపులు తెరిచి ఉండకపోవచ్చు.

5. ప్యాకింగ్

ధర స్టిక్కర్ పీకండి, బిల్లు పారేయకండి. కాగితం ఎంత కావాలంటే పెట్టె చుట్టూ ఒక చుట్టు తిరిగి రెండు మూడు వేళ్ళ వెడల్పు మిగలాలి, రెండు చివర్లా పెట్టె ఎత్తులో ముప్పావు వంతు చొప్పున ఉంటే మడత బాగా వస్తుంది. ఎవరికో ఎవరి నుంచో రాయండి. తళతళలాడే కాగితం తర్వాత రీసైక్లింగ్‌కి వేయాలంటే గుప్పిట్లో నలిపి చూడండి, మళ్ళీ విచ్చుకుంటే అందులో ప్లాస్టిక్ ఉన్నట్టే.

6. ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు

అందరూ ఒకేసారి చింపేస్తే అయిదు నిమిషాల్లో గది నిండా కాగితాలు మిగుల్తాయి, ఎవరు ఏమిచ్చారో ఎవరికీ గుర్తుండదు. అందరికంటే చిన్నవాళ్ళు పంచాలి, ఒక్కొక్కరే విప్పాలి, మిగతావాళ్ళు చూడాలి. ఇచ్చేటప్పుడు "అంత మంచిదేం కాదులే", "ఆఫర్‌లో వచ్చింది" లాంటివి అనకండి. ధర అసలే వద్దు.

తీసుకోవడమే నిజానికి కష్టమైన పని, ఎవరూ నేర్పరు. మన పెద్దవాళ్ళకి ఒక అలవాటుంది, ప్యాకెట్ చేతిలో పెట్టగానే "ఎందుకురా ఇంత డబ్బు తగలేశావు" అంటారు. వాళ్ళ ఉద్దేశం ప్రేమే కానీ నెల రోజులు ఆలోచించి కొన్నవాడికి ఉత్సాహం నీరుగారిపోతుంది. అదే విప్పి, చేత్తో పట్టుకుని ఒక్క నిజమైన మాట అంటే చాలు, రంగు బాగుంది, నేనన్నది గుర్తుంచుకుని తెచ్చావు, అని. నచ్చకపోయినా చెప్పడానికి ఏదో ఒక నిజం దొరుకుతుంది, అబద్ధం అక్కర్లేదు. "ఇదే నేను ఎన్నాళ్ళనుంచో కొనాలనుకుంటున్నా" అని నచ్చనిదానికి అతిగా పొగిడారంటే పై ఏడాది కూడా అదే వస్తుంది. సైజు సరిపోకపోతే అందరి ముందూ కాకుండా రెండ్రోజులాగి ఇచ్చినవాళ్ళని పక్కకి పిలిచి "బిల్లు ఉందా, ఒక సైజు పెద్దది తెచ్చుకుంటా" అనండి.

పిల్లలతో ముందురోజే ఆటలా ప్రాక్టీస్ చేయించండి. ఇంట్లో ఉన్న బొమ్మే మళ్ళీ వస్తే ఏమంటావు, సాక్సులు వస్తే ఏమంటావు, తమ్ముడిది నీదానికంటే పెద్దదైతే ఏం చేస్తావు. ఒక్కోదానికి వాళ్ళు చెప్పే జవాబులకి మీరే నవ్వుకుంటారు కానీ మర్నాడు పనికొస్తుంది. ఎవరైనా అనుకోకుండా తెచ్చి, మీ దగ్గర వాళ్ళకివ్వడానికి ఏమీ లేకపోతే "నీది ఆర్డర్ పెట్టాను, ఇంకా రాలేదు" అని కథలు చెప్పకండి, థాంక్స్ చెప్పి తీసుకోండి చాలు.

7. ఆ తర్వాత

ఆ రాత్రే ఎవరెవరు ఏమిచ్చారో ఫోన్ నోట్‌లో రాసేయండి, ఊళ్ళో లేనివాళ్ళు పంపినవాటికి మరుసటిరోజే ఫోన్ చేసి వీలైతే వాడుతున్న ఫోటో కూడా పెట్టండి. పనికిరానిది ఇంకొకరికి ఇవ్వొచ్చు, తప్పేం లేదు, కాకపోతే అదే కుటుంబంలో తిప్పకండి, లోపల పాత పేరు చీటీ ఉందేమో వెతికి మరీ ఇవ్వండి, ఇచ్చినవాళ్ళకే మాత్రం తిరిగి ఇవ్వకండి.

మా నాన్న ఈ ఆఖరి రూల్ పాటించలేదు. మరుసటి క్రిస్మస్‌కి నేను కళ్ళజోడు ఫ్రేమ్ తీసుకెళ్తే, ఆయన నాకు చక్కగా ప్యాక్ చేసిన చిన్న పెట్టె ఇచ్చారు. విప్పితే ఆ వాచ్. ఫుల్ ఛార్జింగ్ పెట్టి మరీ ఇచ్చారు.