మొక్కలో నీళ్ళ దారి, ఆహారం దారి: రెండూ ఇంట్లోనే చూడాలంటే

దారువులో (జైలం, చెక్క భాగం) నీళ్ళు పైకి, పోషక కణజాలంలో (ఫ్లోయం, బెరడు లోపలి భాగం) ఆహారం కిందికి అని టెన్త్‌లో బట్టీ పట్టేస్తాం గానీ, ఆ రెండు దారులూ కళ్ళతో చూడొచ్చు, పెద్ద ఖర్చు కూడా ఏం లేదు.

ముందు నీళ్ళ సంగతి. తెల్ల చామంతి కాడతో సహా కావాలి, దండలు కట్టే విడి పూలు కాదు. కాడ జానెడు చాలు. కిరాణా షాపులో దొరికే మిఠాయి రంగు (నీలం అయితే బెస్ట్) అర గ్లాసు నీళ్ళలో చిక్కగా కలపండి. కాడ చివర మాత్రం బకెట్ నీళ్ళలో ముంచి ఆ నీళ్ళలోనే బ్లేడుతో ఏటవాలుగా కొయ్యండి, ఎందుకంటే బయట కోస్తే దారువు గొట్టాల్లోకి గాలి బుడగ దూరిపోద్ది, అప్పుడు రంగు సరిగ్గా ఎక్కదు. పైన ఆకులు కొన్ని ఉంచండి. నందివర్ధనం లాంటి పాలు కారే మొక్కలు మాత్రం వద్దు, ఆ పాలు గడ్డకట్టి కోసిన చోటే మూసుకుపోద్ది.

రంగు నీళ్ళలో రెండు కాడలు పెట్టండి, ఒకటి ఫ్యాన్ గాలికి, ఇంకోదానికి పాలిథిన్ కవర్ తొడిగి. ఫ్యాన్ కింద ఉన్నదే ముందు రంగెక్కుతుంది. కాడకి వేరు లేదు కదా, మరి నీళ్ళని ఎవరు ఎక్కిస్తున్నట్టు? ఆకుల్లో పత్రరంధ్రాల నుంచి నీళ్ళు ఆవిరవుతుంటే పైనుంచి లాగుడు పడుతుంది, నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకునే ఉంటాయి కాబట్టి వరస మొత్తం కదిలి వస్తుంది. 1894లో డిక్సన్, జోలీ అనే ఐర్లండ్ సైంటిస్టులు చెప్పింది ఇదే. నైట్రేటు, పొటాష్ లాంటివి కూడా ఈ నీళ్ళలో కరిగే పైకి పోతాయి, కాకపోతే వాటిని లోపలికి తీసుకోడానికి వేరు శక్తి ఖర్చు పెట్టాలి, దానికి గాలి ఆడాలి, అందుకే కుండీలో నీళ్ళు నిలబడితే మొక్క పసుపెక్కేది.

రంగెక్కిన కాడని అడ్డంగా పల్చగా కోస్తే నీలం చుక్కలు గుండ్రంగా వరసలో కనిపిస్తాయి. అదే లిల్లీ పూల కాడైతే ఏకదళబీజం (గింజలో ఒకే బీజదళం ఉండే రకం) కదా, చుక్కలు చెల్లాచెదురుగా ఉంటాయి.

ఆహారం దారికి ఈ రంగు ట్రిక్ పనిచెయ్యదు, జామ చెట్టు కావాలి. వానాకాలంలో పెన్సిల్ లావు కొమ్మ చూసి, అంగుళం వెడల్పున చుట్టూ బెరడు ఒలిచేసి, లోపలి చెక్క మీద జిగురుగా ఉండే పొరని కూడా గీకెయ్యండి, లేకపోతే మళ్ళీ అతుక్కుంటుంది. తడిపి పిండిన కొబ్బరిపొట్టు చుట్టూ పెట్టి కవర్‌తో రెండు వైపులా గట్టిగా కట్టెయ్యండి. మన నర్సరీల వాళ్ళు కట్టే గాలి అంటు ఇదే. బెరడు పోయినా ఆకులు వాడవు, ఎందుకంటే నీళ్ళ దారి చెక్కలో ఉంది, దాన్ని మనం ముట్టుకోలేదు. ఆకులు తయారుచేసిన చక్కెర మాత్రం బెరడులోంచి దిగుతూ వచ్చి కోత పై అంచు దగ్గర ఆగిపోద్ది, అక్కడ కొమ్మ ఉబ్బుతుంది, వేర్లు కూడా ఆ పై అంచు నుంచే వస్తాయి, కింది అంచు నుంచి రావు. నాకు ఈ ప్రయోగంలో బాగా నచ్చేది ఆ పై అంచే.

కాండం మొదట్లో మాత్రం ఇలా చుట్టూ ఒలవకండి, వేర్లకి తిండి అందక మెల్లగా చెట్టే పోతుంది.

నెల దాటాక కవర్‌లోంచి వేర్లు బాగా కనిపిస్తే, వాటి కింద కోసి, సగం ఆకులు తీసేసి కుండీలో పెట్టి కొన్నాళ్ళు నీడలో ఉంచండి.