తేలిక స్పోర్ట్స్ కారు లెక్కలు, నాలుగో పాఠం: అసలు ఎన్ని గుర్రాలు కావాలి?

పోయిన పాఠం చివర్లో చిన్న లెక్క ఒకటి ఇచ్చాను. మీ కారు బరువుని దాని హార్స్‌పవర్‌తో భాగించి, ఒక్కో హార్స్‌పవర్ ఎన్ని కిలోలు మోస్తోందో చెప్పమన్నాను. భాగహారమే కదా అనుకున్నా. ఒకే ఏడాది, ఒకే ఇంజన్ స్విఫ్ట్‌కి ఒకరు 9.7 అని రాస్తే ఇంకొకరు 15 దగ్గర తేల్చారు. అందుకని ఈసారి చెబుదామనుకున్న టైర్ల సంగతి పక్కన పెట్టి, మళ్లీ ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నా.

15 ఎలా వచ్చిందంటే, ఉప్పల్ నుంచి రాసినాయన గ్రాస్ బరువు తీసుకున్నారు. అది అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను ఎక్కాక బండితో సహా ఉండదగ్గ గరిష్ఠ బరువు. ఆర్‌సీలో అన్‌లాడెన్ వెయిట్ అని విడిగా ఉంటుంది చూడండి, మనకు కావలసింది అది. 9.7 రాసినవాళ్లు ఖాళీ కారు బరువు సరిగ్గానే తీసుకున్నారు గానీ డ్రైవర్‌ని మర్చిపోయారు. బండి దానంతటది నడవదు. నేను ఎప్పుడూ 75 కిలోలు కలుపుతాను, మీరు 95 ఉంటే 95 కలపండి, మొహమాటం వద్దు. యూరప్ కార్ల అంకెలు తీసుకునేవాళ్లకి మాత్రం ఒక మాట: అక్కడి పద్ధతిలో కొన్నిసార్లు 75 కిలోల డ్రైవర్ ముందే కలిసి ఉంటాడు, కింద చిన్న అక్షరాల్లో రాసింది చదవకుండా మళ్లీ కలపకండి.

ఇక పవర్ కిలోవాట్లలో రాసి ఉంటే, కిలోవాట్‌ని 1.36తో గుణిస్తే హార్స్‌పవర్. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన పరిగెత్తిన ఫార్ములా-ఈ (ఎలక్ట్రిక్ రేసు) కార్లకి రేసులో 300 కిలోవాట్లు, అంటే 408 హార్స్‌పవర్. దాన్ని 300 గుర్రాలని రాసినవాళ్లు ముగ్గురు నలుగురు ఉన్నారు. హార్స్‌పవర్‌ని చెప్పే రెండు కొలతలు, బ్రిటిష్ బీహెచ్‌పీకి, యూరప్ పీఎస్‌కి తేడా ఏంటని అడిగినవాళ్లు ఇంకా ఎక్కువ మంది. నూటికి ఒకటిన్నర కూడా లేదు, వదిలెయ్యండి.

ఇప్పుడు ఆ అంకెతో ఏం చేయాలో చూద్దాం. డ్రైవర్‌తో కలిపి ఒక్కో హార్స్‌పవర్‌కి వచ్చిన కిలోలు ఎన్నో, సున్నా నుంచి 100కి పట్టే సెకన్లు ఇంచుమించు అన్నే. ఇది నా షార్ట్‌కట్, కానీ గాలిలోంచి తీసింది కాదు. ఒక కిలో బరువుని నిలబడ్డ చోటు నుంచి గంటకు 100 కిలోమీటర్ల వేగానికి చేర్చాలంటే 386 జౌల్స్ శక్తి కావాలి. ఒక హార్స్‌పవర్ సెకనుకి 735 జౌల్స్ ఇస్తుంది. క్లచ్ వదలడం, గేర్లు మార్చడం, ఇంజన్ అసలు జోరు అందుకునే లోపు గడిచే సమయం, గాలి, టైర్లు అన్నీ పోగా మనకు మిగిలేది దాదాపు సగం, 368. అందుకని ఒక గుర్రానికి ఒక కిలో అంటే ఒక సెకను.

సరిచూసుకుందాం. 1996లో వచ్చిన మొదటి లోటస్ ఎలీజ్ 725 కిలోలు, 120 హార్స్‌పవర్. డ్రైవర్‌తో 800 కిలోలు, భాగిస్తే 6.7. కంపెనీ చెప్పింది ఆరు సెకన్ల దరిదాపుల్లో. ఇప్పటి మాజ్డా ఎంఎక్స్-5లో 1.5 లీటర్ల ఇంజన్‌ది ఒక టన్ను, 131 హార్స్‌పవర్, లెక్క 8.2, కంపెనీ అంకె 8.3. 2021లో వచ్చిన కేటర్‌హామ్ సెవెన్ 170 ఉంది చూశారూ, 440 కిలోలు, సుజుకి 660 సీసీ టర్బో (గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపే పరికరం ఉన్నది), 85 హార్స్‌పవర్. లెక్క 6.1, కంపెనీ అంకె 6.9 (అది గంటకు 60 మైళ్లకి, అంటే 97 కిలోమీటర్లకి). మన 90 హార్స్‌పవర్ స్విఫ్ట్ డ్రైవర్‌తో 965 అనుకుంటే 10.7, రోడ్డు మీద పదకొండు పన్నెండు. ఒక సెకను అటూ ఇటూ అయితే అయింది, కారు కొనాలా వద్దా అని కూర్చుని లెక్కేసుకునేటప్పుడు ఇంతకంటే ఏం కావాలి? నాలుగు కిలోల కిందికి పోతే మాత్రం ఈ షార్ట్‌కట్ పనిచేయదు. ఎందుకో కాసేపట్లో వస్తుంది.

ఆ లోపు టార్క్ (ఇంజన్ తిప్పే బలం, న్యూటన్ మీటర్లలో చెబుతారు) ఉంటే చాలనే బ్యాచ్ సంగతి తేల్చాలి. పోయిన పాఠం కింద వచ్చిన జవాబుల్లో నాకు ఒళ్లు మండింది ఇక్కడే. "అన్నా, హార్స్‌పవర్ అమ్మకానికి, టార్క్ నడపడానికి" అని ఒకరు, "నా డీజిల్‌కి 190 న్యూటన్ మీటర్లు, పెట్రోల్‌కి 115, ఇక లెక్కెందుకు" అని ఇంకొకరు. ఎక్కడో ఇంజన్ కంప్యూటర్‌ని మార్చి పవర్ పెంచే రీమ్యాప్ షాపులో విన్న మాట, దిల్‌సుఖ్‌నగర్ నుంచి పటాన్‌చెరు దాకా అందరి నోటా ఇదే.

సరే, ఆ స్విఫ్ట్‌లనే తీసుకుందాం, 2014 ప్రాంతంలోవి. డీజిల్ 1.3 లీటర్లు, 75 హార్స్‌పవర్ 4000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గర, టార్క్ 190, 2000 దగ్గర. పెట్రోల్ 1.2 లీటర్లు, 84 హార్స్‌పవర్ 6000 దగ్గర, టార్క్ 115, 4000 దగ్గర. టార్క్‌ని ఆర్‌పీఎంతో గుణించి 7000తో భాగిస్తే ఆ క్షణంలో హార్స్‌పవర్ (అసలు అంకె 7024, నేను 7000తోనే కానిస్తాను, నోటిలెక్కకి బాగుంటుంది). డీజిల్ 190 ఇస్తున్నప్పుడు దాని హార్స్‌పవర్ ఎంతో వేయండి: 190ని 2000తో గుణించి 7000తో భాగిస్తే 54. అంతే. అంత టార్క్ ఉన్న చోట 54 గుర్రాలే పనిచేస్తున్నాయి.

ఇక రెండు ఇంజన్లనీ వాటి అసలు జోరు దగ్గర పెట్టి చూడండి. 4000 దగ్గర డీజిల్ టార్క్ 132కి పడిపోయింది. 6000 దగ్గర పెట్రోల్‌ది 98. "చూశావా, ఇప్పటికీ డీజిలే ఎక్కువ" అంటారు, నాకు తెలుసు. ఆగండి. రెండు కార్లూ ఒకే వేగంలో పక్కపక్కన పోతున్నాయి, టైర్లు ఒకే సైజు, ఒకదాని ఇంజన్ 4000, ఇంకోదానిది 6000. అంటే పెట్రోల్ కారు గేర్ ఒకటిన్నర రెట్లు పొట్టిది. గేర్ ఎంత పొట్టిదైతే టార్క్ అన్ని రెట్లు పెరిగి చక్రానికి చేరుతుంది. 98ని ఒకటిన్నరతో గుణిస్తే 147. డీజిల్‌ది 132. చక్రం దగ్గర గెలిచింది పెట్రోల్, అది కూడా 84కి 75 ఎంత నిష్పత్తో సరిగ్గా అంతే నిష్పత్తిలో. గేర్‌బాక్స్ టార్క్‌ని పెంచగలదు, తగ్గించగలదు. హార్స్‌పవర్‌ని పెంచలేదు, కాస్త తినేస్తుంది అంతే. ఇంకా నమ్మకం కుదరకపోతే ఇది చూడండి: పైన చెప్పిన ఎలీజ్ టార్క్ 165. మీ స్విఫ్ట్ డీజిల్ కంటే 25 తక్కువ. ఆ రెంటినీ పక్కపక్కన నిలబెట్టి సిగ్నల్ పచ్చ వెయ్యండి.

మరి డీజిల్ ఎందుకంత హాయిగా ఉంటుందంటారా, అమీర్‌పేట ట్రాఫిక్‌లో 1800 ఆర్‌పీఎంలో గేర్ మార్చకుండా లాగుతుంది కాబట్టి. ఆఫీసుకి పోయి వచ్చే బండికి అది గొప్ప సుఖమే. మనం మాట్లాడుతోంది గేర్ రాడ్ మీంచి చెయ్యి తీయబుద్ధి కాని బండి గురించి. ఇక టార్క్ మాట నా దగ్గర ఎత్తొద్దు.

అసలు ప్రశ్నకి వద్దాం, ఎన్ని కావాలి? హైదరాబాద్ ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద గరిష్ఠ వేగపరిమితి 120. చిన్న స్పోర్ట్స్ కారు చదును రోడ్డు మీద ఆ 120లో నిలకడగా పోవడానికి గాలికి, టైర్లకి కలిపి పోయేది సుమారు 25 హార్స్‌పవర్. నిజంగా అంతే. 160కి యాభై పైచిలుకు, 200కి దాదాపు 100. వేగం రెట్టింపైతే గాలి తినే పవర్ ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి పైకి పోయేకొద్దీ బరువు ఎంత తగ్గించినా లాభం ఉండదు. అందుకే టాప్ స్పీడ్ కోసం తేలిక కారు కొనేవాళ్లని చూస్తే నాకు అర్థం కాదు. తేలిక కారు మజా అంతా 40కి 100కి మధ్యలోనే.

వికారాబాద్ దాటాక అనంతగిరి గుట్టల్లో రోడ్డు మెలికలు తిరుగుతుంది కదా, అలాంటి మలుపు ఒకటి మనసులో పెట్టుకోండి. రెండో గేర్, 40లో మలుపు తిరిగి బయటికొస్తున్నారు, తర్వాతి మలుపు లోపు 70 అందుకోవాలి. మనిషితో కలిపి 900 కిలోల కారు, వెనక చక్రాలకి పవర్. ఒకే గేర్‌లో పోతాం కాబట్టి ఇక్కడ సగం కాదు, ముప్పావు వంతు పవర్ దక్కుతుందనుకుందాం. 60 హార్స్‌పవర్ ఉంటే మూడున్నర సెకన్లు పడుతుంది. అప్పటికి తర్వాతి మలుపు వచ్చేసి ఉంటుంది, విసుగు. 120 ఉంటే 1.7 సెకన్లు, సీటు వీపుని గట్టిగానే నెడుతుంది. 240 ఉంటే కాగితం మీద 0.9 సెకను. కాగితం మీదే. ఎందుకంటే అంత తోపుకి టైర్లు కారు మొత్తం బరువుకి దాదాపు సమానమైన పట్టు ఇవ్వాలి. వెనక చక్రాల మీద ఉండేది బరువులో అరవై శాతం చిల్లర, పైగా మలుపులోంచి ఇంకా పూర్తిగా బయటపడలేదు, పట్టులో కొంత పక్కకి పోతోంది, రోడ్డు మీద ఇసుక ఉంటుంది, ఒక్కోసారి కోతి కూడా ఉంటుంది. మిగతా గుర్రాలు టైరు అరగదీయడానికే. 120కి కావలసిన పట్టు బరువులో సగం, అది దొరుకుతుంది. మంచి రోడ్డు మీద 150 దాకా కూడా వాడుకోగలరు. ఇందాక నాలుగు కిలోల కింద షార్ట్‌కట్ పనిచేయదన్నది ఇందుకే. అక్కడ సెకన్లని నిర్ణయించేది ఇంజన్ కాదు, టైరు.

కాబట్టి నా జవాబు: డ్రైవర్‌తో కలిపి గుర్రానికి 7 నుంచి 8 కిలోలు. 900 కిలోలకి 115 నుంచి 130. ఆరుకి దిగితే నాకు అభ్యంతరం లేదు, అయిదుకి దిగితే మీకు కావలసింది రేస్ ట్రాక్, రోడ్డు కాదు. తొమ్మిది పది కూడా సరదాయే గానీ గేర్లు బాగుండాలి.

"ఉంటే పోయేదేముంది, తొక్కకుండా ఉంటే సరి" అని కొంపల్లి తమ్ముడు అడిగాడు. పోయేది ఉంది. పవర్ రెట్టింపు చేస్తే గేర్‌బాక్స్ గట్టిది కావాలి, క్లచ్, డ్రైవ్ షాఫ్టులు, పెద్ద రేడియేటర్, పెద్ద బ్రేకులు, వాటిని కప్పడానికి పెద్ద చక్రాలు, వెడల్పు టైర్లు, పెద్ద ట్యాంకు. ఒక్కోటీ పది ఇరవై కిలోలే, కానీ అన్నీ కలిసి కారు ఇంకో కారైపోతుంది, అప్పుడా బరువుకి ఇంకాస్త పవర్ కావాలంటారు. 1989 నాటి ఎంఎక్స్-5 940 కిలోల చిల్లర, మూడో తరానికి 1100 దాటిపోయింది, 2015లో నాలుగో తరానికి ఇంజనీర్లు గ్రాము గ్రాము చెక్కి మళ్లీ టన్ను దగ్గరికి తెచ్చారు. మీరు కూడా ఉన్న కారుకి పదిహేడు అంగుళాల అలాయ్‌లు వేయించే ముందు వాటిని చేత్తో ఎత్తి చూడండి. నాకు పద్నాలుగు అంగుళాలే ఇష్టం, చూడ్డానికి బాగోవంటే బాగోకపోనీ.

మన ఊరి సంగతి ఒకటి. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైనే ఉంది, గాలి పలచన. టర్బో లేని ఇంజన్‌కి బ్రోచర్ అంకెలో అయిదు శాతం ఇక్కడే పోతుంది, మే నెల మధ్యాహ్నం ఇంకో రెండు మూడు. టర్బో ఆ లోటుని చాలావరకు పూడ్చుకుంటుంది. అయినా నేను టర్బో లేనివే కోరుకుంటాను, ఆ ఆరు గుర్రాల కోసం కాలికి ఇంజన్‌కి మధ్య ఆలస్యం నాకొద్దు.

అభ్యాసం. ఈసారి బ్రోచర్ వద్దు, ఆర్‌సీ కూడా వద్దు. లారీలు తూచే ధర్మకాంటాకి కారు తీసుకెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, కారంతా ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఒకసారి తూయించండి, ప్రతిసారీ మీరు సీట్లోనే ఉండాలి. ముందు వెనక కలిపితే మొత్తం రావాలి. పది ఇరవై కిలోల తేడా వస్తే పర్వాలేదు, కాంటా అంత సన్నంగా చూపించదు. యాభై వస్తే మళ్లీ తూయించండి, వాళ్లు విసుక్కున్నా సరే.

తర్వాత చదునుగా, ఖాళీగా, ఆ వేగానికి అనుమతి ఉన్న రోడ్డు మీద పొద్దున్నే రెండో గేర్‌లో 40 నుంచి 70కి పూర్తిగా తొక్కండి. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు ఫోన్‌లో మీటర్ వీడియో తీయాలి, మీరు కాదు. ఎదురు దిశలో కూడా చేసి రెంటి సగటు తీసుకోండి, ఏటవాలు ఉంటే కొట్టుకుపోతుంది. మొత్తం బరువు, పక్కనున్నవాళ్లతో సహా, దాన్ని 0.173తో గుణించి వచ్చిన సెకన్లతో భాగించండి. మీ కారు ఆ మూడు నాలుగు సెకన్లలో సగటున నిజంగా రోడ్డుకి దించిన హార్స్‌పవర్ అది. 90 అని రాసి ఉన్న కారుకి 50 వస్తే కంగారుపడి సర్వీస్ సెంటర్‌కి పోవద్దు, అంతే వస్తుంది. మీటర్ ఎలాగూ నిజం కంటే కాస్త ఎక్కువే చూపిస్తుంది కాబట్టి అసలుది ఇంకా తక్కువే ఉంటుంది.

మూడు తూకాలు, రెండు టైములు, కారు పేరు, ఇంజన్, ఇవన్నీ ఒకే చోట రాసి పంపండి. టార్క్ అంకె రాయనక్కర్లేదు. వచ్చేసారి టైర్లు.