షిఫ్టు చార్టు సరిగ్గా వేస్తే నాగాలు తగ్గుతాయి

చెప్పకుండా నాగా పెట్టేవాళ్లు పెరిగితే, మెమో ఇచ్చే ముందు షిఫ్టు చార్టు చూడండి. తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

చార్టు కనీసం 7 రోజుల ముందే గేటు దగ్గర అతికించండి. శనివారం సాయంత్రం చెప్పి సోమవారం నైట్ వేస్తే, పిల్లల స్కూలు, పెద్దల ఆస్పత్రి పనులు సర్దుకోలేక మనిషి ఏకంగా మానేస్తాడు. షిఫ్టులను ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అన్న వరుసలోనే తిప్పండి. ఆలస్యంగా పడుకోవడం శరీరానికి అలవాటవుతుంది, పెందలాడే నిద్ర రమ్మంటే రాదు. నైట్ నుంచి ఉదయానికి మార్చేటప్పుడు మధ్యలో వీక్లీ ఆఫ్ తప్పనిసరి.

షిఫ్టు మార్పిడి అడిగితే ఇద్దరి సంతకాలతో రిజిస్టరులో రాయించండి. ఒకరికి నోటిమాటతో సరేనని, ఇంకొకరికి కుదరదంటే ‘వాళ్లు సార్ మనుషులు’ అన్న మాట పుడుతుంది. అది పుట్టిందా, బాగా పనిచేసేవాళ్లు కూడా చేతులు ముడుచుకుంటారు.

ఫ్యాక్టరీలో వారానికి 48 గంటలు దాటితే చట్టప్రకారం ఓటీకి, అంటే ఆ అదనపు గంటల పనికి, రెట్టింపు రేటు. ఆ గంటలు ఏ రోజుకారోజు రాసి కార్మికుడికి చూపించండి.

నాగా పెట్టి వచ్చినవాళ్లను పని జరిగే లైనులో అందరి ముందూ కేకలేయకండి. పక్కకు పిలిచి కారణం అడిగి రాసుకోండి. ముగ్గురు ఒకే కారణం చెబితే చార్టు మార్చండి.