శుక్లం ఆపరేషన్ తర్వాత కంటి చుక్కలు ఎలా వేయాలి?

మా అమ్మకి కుడికంటి శుక్లం ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది. చుక్కల మందు మాత్రం ఆరు వారాలు వేయాల్సి వచ్చింది. ఇంటికి పంపేటప్పుడు రెండు చిన్న సీసాలు, ఒక చీటీ చేతిలో పెట్టి గబగబా నాలుగు మాటలు చెప్పారు. ఆ హడావిడిలో సగం మా బుర్రకెక్కలేదు. మూడు రోజులపాటు స్టిరాయిడ్ చుక్కల్ని కుదపకుండానే వేశాం. నాలుగో రోజు మా చెల్లెలు సీసా మీది చిన్న అక్షరాలు చదివి, బాగా కుదిపి వేసింది. అప్పటిదాకా నీళ్ళలా పడిన చుక్క పల్చటి పాలలా తెల్లగా పడింది. మూడు రోజులూ మందు చాలావరకు సీసా అడుగునే ఉండిపోయిందన్నమాట. అదృష్టం బాగుండి కంటికి ఏమీ కాలేదు. మేం పడిన టెన్షన్ ఇంకొకరు పడకూడదని తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను. మీ డాక్టరు చీటీకీ ఇక్కడి లెక్కకీ తేడా ఉంటే చీటీనే పాటించండి.

ఏ సీసా ఎందుకు?

ఈ రోజుల్లో శుక్లం ఆపరేషన్‌కి నల్లగుడ్డు అంచున రెండు మూడు మిల్లీమీటర్ల కోత పెడతారు. మసకబారిన కటకాన్ని అల్ట్రాసౌండ్‌తో ముక్కలు చేసి, పీల్చేసి, ఆ చోట మడత లెన్స్ పెడతారు. చాలామందికి కుట్లు కూడా ఉండవు, కోత దానంతటదే అతుక్కుంటుంది. అది గట్టిపడేదాకా క్రిములు లోపలికి పోకుండా చూసేది యాంటీబయాటిక్ చుక్కలు. మన దగ్గర ఎక్కువగా రాసేది మాక్సిఫ్లాక్సాసిన్. కంటి లోపలి వాపును తగ్గించేది స్టిరాయిడ్ చుక్కలు: ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, లోటెప్రెడ్నాల్, డైఫ్లుప్రెడ్నేట్ వంటివి.

ఈ రెండింటినీ ఆపే పద్ధతులు వేరు. ఇళ్ళల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే.

యాంటీబయాటిక్‌ని చెప్పిన రోజులు, సాధారణంగా వారం పది రోజులు, రోజూ అన్నేసిసార్లు వేసి ఒక్కసారే ఆపేయాలి. సీసాలో మిగిలిందని రోజుకొక చుక్క చొప్పున సాగదీస్తే క్రిములు ఆ మందుకి లొంగకుండా తయారవుతాయి. కొందరు డాక్టర్లు దీన్ని ఇంకా తక్కువ రోజులు రాస్తారు. ఆపరేషన్ చివర్లో కంటి లోపలికే యాంటీబయాటిక్ ఇవ్వడం ఇప్పుడు బాగా పెరిగింది. 2007లో వెలువడిన యూరప్ కంటి సర్జన్ల పెద్ద అధ్యయనంలో అలా సెఫ్యురాక్సిమ్ ఇచ్చినవాళ్ళలో లోపలి ఇన్ఫెక్షన్లు సుమారు అయిదో వంతుకి తగ్గాయి. కాబట్టి పక్కింటి పిన్నిగారికి రెండు వారాలు రాశారు, మనకి వారమే రాశారు అని కంగారుపడక్కర్లేదు.

స్టిరాయిడ్‌ని మెట్టు మెట్టుగా తగ్గించాలి. మా అమ్మకి రాసింది చాలాచోట్ల కనిపించే లెక్కే: మొదటి వారం రోజుకి 6 సార్లు, తర్వాత వారానికొకటి చొప్పున తగ్గిస్తూ 5, 4, 3, 2, ఆఖరి వారం 1. "కన్ను తెల్లగా అయిపోయింది, ఇంకెందుకు" అని పదో రోజున ఆపేస్తే వాపు తిరగబెడుతుంది. కన్ను ఎర్రబడుతుంది, వెలుతురు చూస్తే గుచ్చుకుంటుంది. అలాగని ఆరు వారాలు దాటాక సొంతంగా కొనసాగించడం అంతకంటే ప్రమాదం. దాని సంగతి తర్వాత చెబుతాను.

రెండు మందులూ కలిపి ఒకే సీసాలో వచ్చేవీ ఉన్నాయి. మొదటి వారం రెండు వారాలు అది వాడి, తర్వాత ఉత్త స్టిరాయిడ్‌కి మారమంటారు. మందుల షాపులో అలవాటుగా మళ్ళీ కలిపినదే ఇచ్చేస్తుంటారు. పేరు ఒకటే కదా అనుకోకుండా, లోపల ఏ మందులున్నాయో చీటీతో సరిచూసుకుని తీసుకోండి.

మొదటి పని: చీటీని గోడ క్యాలెండర్ మీదికి ఎక్కించండి

"6 టైమ్స్" అని రాసి ఉంటే ఎన్నింటికో మనమే తేల్చుకోవాలి. మేము ఉదయం 7, 10, మధ్యాహ్నం 1, సాయంత్రం 4, రాత్రి 7, 10 అనుకున్నాం. నాలుగుసార్లు వేసే యాంటీబయాటిక్‌ని 7, 1, 4, 10 గంటలకి కలుపుకున్నాం. డాక్టరు ప్రత్యేకంగా చెబితే తప్ప నిద్రలేపి వేయక్కర్లేదు. క్యాలెండర్‌లో ప్రతి తారీఖు గడిలో ఆరు గీతలు పెట్టి, వేసినప్పుడల్లా ఒకటి కొట్టేసేవాళ్ళం. వారం మారిన రోజు అయిదు గీతలే. ఇంట్లో ముగ్గురు మనుషులుంటే "నువ్వు వేశావనుకున్నాను" అనే మాట రాకుండా ఉండాలంటే ఇది తప్పదు.

అమ్మకి ఇంగ్లీషు చదవడం రాదు. అందుకని స్టిరాయిడ్ సీసా మెడకి ఎర్ర దారం కట్టాం. "ఎర్ర దారం కుదపాలి" అని ఆమె తనే గుర్తుపెట్టుకుంది. మూత తెరిచిన తారీఖు లేబుల్ మీద పెన్నుతో రాయండి. తెరిచిన నెల రోజులకి, లేబుల్ మీద తక్కువ గడువుంటే ఆలోపే, పారేయాలి. పై లెక్క ప్రకారం మొదటి నాలుగు వారాలకే 126 చుక్కలు పడతాయి, 5 ఎం.ఎల్. సీసాలో ఉండేది దాదాపు అంతే. రెండో స్టిరాయిడ్ సీసా అవసరమవుతుందని ముందే అనుకుని, అయిపోకముందే కొనిపెట్టుకోండి.

చెవి చుక్కలు, పాత కంటి చుక్కలు, చిన్న సీసాల్లో ఉండే జిగురులాంటివి అన్నీ ఆ అలమరలోంచి తీసి వేరేచోట పెట్టండి. సీసాలు అచ్చం ఒకేలా ఉంటాయి.

రెండో పని: చేతులు, ఆ తర్వాత రెప్పలు

చేతులు సబ్బుతో కడుక్కుని శుభ్రమైన గుడ్డతో తుడుచుకోండి. ఉదయం రెప్పలు పుసితో అంటుకుని ఉంటాయి. శుభ్రమైన దూదిని నీళ్ళలో వేసి పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి చల్లార్చండి. దూదిని పిండి, మూసిన రెప్పల మీద ముక్కు వైపు కొలికి నుంచి చెవి వైపుకి ఒక్కసారి మెల్లగా తుడిచి పారేయండి. మళ్ళీ తుడవాలంటే కొత్త ముక్క. గుడ్డు మీద ఒత్తిడి పడకూడదు.

మూడో పని: చుక్క

పడుకోబెట్టండి, లేదా కుర్చీలో తల వెనక్కి వాల్చి కూర్చోబెట్టండి. సస్పెన్షన్ అని రాసి ఉంటే బాగా కుదపండి. ప్రెడ్నిసొలోన్ అసిటేట్, లోటెప్రెడ్నాల్, కొందరికి మూడో సీసాగా రాసే నెపాఫెనాక్ సాధారణంగా ఇలా అడుగున పేరుకునేవే. నీళ్ళలా ఉండే మాక్సిఫ్లాక్సాసిన్‌కి ఆ అవసరం లేదు.

పైకి, సీలింగ్ వైపు చూడమనండి. చూపుడువేలితో కింది రెప్పని మెల్లగా కిందికి లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది. చుక్క పడాల్సింది ఆ జేబులో. సీసా మూతి కంటికి రెండు సెంటీమీటర్ల పైన ఉండాలి, రెప్పవెంట్రుకకి కూడా తగలకూడదు. తగిలితే కంటి మీది క్రిములు సీసాలోకి పోతాయి, తర్వాత ప్రతి చుక్కతో తిరిగి కంట్లోకే వస్తాయి. చెయ్యి వణుకుతుంటే మణికట్టుని వాళ్ళ నుదుటి మీద ఆనించుకోండి.

ఒక్క చుక్క చాలు. కన్ను పట్టేదే దాదాపు ఒక చుక్క, మిగతాది చెంప మీదికి కారిపోతుంది. మొదటిది గురితప్పి బయట పడితేనే రెండోది.

ఒంటరిగా ఉండి సొంతంగా వేసుకునేవాళ్ళు వెల్లకిలా పడుకుని, కళ్ళు మూసుకుని, ముక్కు వైపు కొలికిలో చుక్క వేసుకుని, అప్పుడు కన్ను తెరవొచ్చు. మందు దానంతటదే లోపలికి జారుతుంది. రెప్పలు శుభ్రంగా ఉంటేనే ఇలా చేయండి.

నాలుగో పని: రెండు నిమిషాలు కళ్ళు మూసి ఉంచడం

చుక్క పడగానే గబగబా రెప్పలు కొట్టేస్తే మందు కన్నీటి దారి గుండా ముక్కులోకి, గొంతులోకి పోతుంది. అమ్మ "నోరు చేదుగా ఉంది" అన్నది అందుకే. మెల్లగా కళ్ళు మూసి, ముక్కు పక్కన కొలికి దగ్గరి ఎముక మీద వేలితో కొద్దిగా నొక్కి రెండు నిమిషాలు ఉంచండి. నొక్కేది ఎముక మీద మాత్రమే, కంటి మీద వద్దు.

తర్వాతి మందుకి కనీసం అయిదు నిమిషాలు ఆగండి. వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. నీళ్ళలాంటిది ముందు, పాలలాంటిది తర్వాత, ఆయింట్‌మెంట్ ఉంటే అన్నిటికంటే ఆఖర్న. షుగర్ ఉన్నవాళ్ళకి రెటీనా (కంటి వెనక పొర) మధ్యలో నీరు చేరే అవకాశం ఎక్కువ కాబట్టి నెపాఫెనాక్, కెటొరోలాక్ వంటి మూడో సీసా కూడా రాస్తుంటారు. దానికీ అయిదు నిమిషాలే.

ఒక వేళ మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేయండి. తర్వాతి చుక్కకి టైమ్ దగ్గరపడిపోతే పాతది వదిలేయండి. రెండూ కలిపి వేయొద్దు.

స్టిరాయిడ్ గురించి ఇంకొంచెం

స్టిరాయిడ్ చుక్కలు వాడేవాళ్ళలో సుమారు మూడింట ఒక వంతు మందికి కంటి లోపలి ప్రెషర్ ఎంతో కొంత పెరుగుతుంది, కొద్దిమందికి బాగా పెరుగుతుంది. ఎక్కువగా రెండు మూడు వారాలు వాడాక మొదలవుతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, చూపు బాగానే ఉన్నట్టుంటుంది. మిషన్ మీద కొలిస్తేనే తెలుస్తుంది. చూపు బాగుందని చెకప్‌కి వెళ్ళడం మానేయకూడదనేది ఇందుకే. నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవాళ్ళు, ఇంట్లో ఎవరికైనా ఉన్నవాళ్ళు, మైనస్ పవర్ బాగా ఎక్కువున్నవాళ్ళు డాక్టరుకి ముందే చెప్పాలి. నీటికాసులకి వాడే చుక్కలు కొనసాగించాలా వద్దా అన్నదీ అడగాలి.

నాకు అన్నిటికంటే భయమేసేది మిగిలిన సీసా. ఆర్నెల్ల తర్వాత కన్ను కాస్త ఎర్రబడుతుంది. "అప్పుడు ఇదే బాగా పనిచేసింది" అని పాత చీటీతో షాపులో కొనేస్తాం. ఎరుపు ఒక్కరోజులో పోతుంది, కాబట్టి మళ్ళీ కొంటాం. అలా నెలల తరబడి వాడితే ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతిని, పోయిన చూపు తిరిగి రాదు. కండ్లకలక వచ్చిన మనవడికి అమ్మమ్మ సీసాలోంచి వేయడమూ ఇలాంటిదే. పొలంలో వరికోతలప్పుడు వడ్లగింజో ఆకో తగిలి కన్ను ఎర్రబడితే అది ఫంగస్ పుండు కావచ్చు. దాని మీద స్టిరాయిడ్ పడితే పుండు వేగంగా లోతుకి పోతుంది. డాక్టరు చూడకుండా ఎవరి కంట్లోనూ ఆ చుక్క పడకూడదు.

చనుబాలు, తేనె, ఆముదం, నందివర్ధనం పూలరసం, గలిజేరు ఆకురసం, కాటుక ఏవీ ఆపరేషన్ అయిన కంటి దగ్గరికి రానివ్వకండి. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెబుతారు. కోత మానుతున్న కంటికి మాత్రం అవి క్రిముల్ని మోసుకొస్తాయి.

వెంటనే ఆస్పత్రికి వెళ్ళాల్సినవి

చుక్క వేయగానే కొన్ని క్షణాలు మండటం, ఇసుక పడినట్టు ఉండటం మామూలే. రోజురోజుకీ తగ్గాలి. నొప్పి తగ్గేది పోయి పెరుగుతుంటే, నిన్నటికంటే ఇవాళ చూపు మసకైతే, ఎరుపు ఎక్కువైతే, చీములా కారితే, మెరుపులు, కొత్తగా నల్లచుక్కలు, పక్కనుంచి తెర పడుతున్నట్టు కనిపిస్తే రాత్రయినా సరే అప్పుడే బయల్దేరండి. లోపలి ఇన్ఫెక్షన్ ఎక్కువగా మొదటి వారంలోనే బయటపడుతుంది, దానికి గంటలు కూడా లెక్కే. చుక్కలు రెండు ఎక్కువ వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. చీటీ, సీసాలు వెంట తీసుకెళ్ళండి.

మొదటి కంటి చుక్కలు అయిపోయిన రోజు స్టిరాయిడ్ సీసాలో ఇంకా కొంచెం మిగిలింది. "డబ్బులు పెట్టి కొన్నాం, రెండో కంటికి పనికొస్తుంది కదా" అని అమ్మ దాచబోయింది. అది తెరిచిన సీసా అనీ, ఆ కంటికి కొత్తది కావాలనీ చెప్పి, లేబుల్ చింపి పారేశాం. నెల తర్వాత ఎడమకంటికి ఆపరేషన్ అయినప్పుడు ఎర్ర దారం ముందురోజే కత్తిరించి, బ్యాగులో పెట్టుకుని వెళ్ళాం.