పంపు మీద అనుమానపడే ముందు 58 చూడండి

గత వర్షాకాలంలో విజయనగరంలోని మా చిన్న కోటింగ్ యూనిట్‌లో వాక్యూమ్ చాంబర్ ప్రెషర్ 10⁻⁵ టార్ (పీడనం కొలత) దగ్గర ఆగిపోయింది, ఎంతసేపు పంపు నడిపినా కిందికి దిగదు. ఆర్‌జీఏలో (చాంబర్‌లో మిగిలిన వాయువుల్ని అణుభారం బట్టి విడదీసి చూపే పరికరం, ఇక్కడ చెప్పే పీక్ అంకెలన్నీ ఆ భారాలే) చూస్తే 43 దగ్గర పెద్ద పీక్. "ఇదేటి బాబూ, రోటరీ పంపు ఆయిలు చాంబర్‌లోకి వెనక్కొచ్చేసింది" అన్నాడు మా సీనియర్ ఆపరేటర్. సరేనని ఆయిల్ మార్చాం, ఆయిల్ ఆవిరిని పట్టే ట్రాప్ కూడా మార్చాం, రెండు రోజులు పోయాయి, పీక్ ఉన్నచోటే ఉంది. అప్పటిగ్గానీ 57 వైపు చూడలేదు. ఆయిల్ అయితే అక్కడ గట్టిగా కనబడాలి, కానీ ఏమీ లేదు! 58 మాత్రం 43లో సుమారు పావు వంతు ఎత్తులో నిలబడి ఉంది. అది అసిటోన్. ఎవరో తలుపుకుండే వైటాన్ (ఒకరకం రబ్బరు) ఓ-రింగ్‌ను దాంతో తుడిచేశారు, వైటాన్ అసిటోన్‌ని పీల్చుకుని ఉబ్బుతుంది, తర్వాత తీరిగ్గా వదులుతూ ఉంటుంది. కొత్త రింగ్ వేశాక పీక్ పోయింది.

కాబట్టి ఏ పీక్‌నీ ఒంటరిగా నమ్మకండి, దాని తోడు పీక్‌లు (అదే పదార్థం ముక్కలై వేరే అంకెల దగ్గర ఇచ్చేవి) ఉన్నాయో లేదో చూడండి.

ప్రెషర్ 10⁻⁴ టార్ కంటే బాగా తగ్గాకే ఆర్‌జీఏ ఫిలమెంట్ ఆన్ చేయాలి, లేదంటే అది కాలిపోతుంది. ఆన్ చేశాక అరగంట ఆగండి, వేడెక్కేటప్పుడు ఆర్‌జీఏనే గ్యాస్ వదులుతుంది. 1 నుంచి 100 వరకు స్కాన్ చేసి, లాగ్ స్కేలులో చూడండి.

18 పెద్దగా ఉండి, 17 దానిలో నాలుగో వంతో ఐదో వంతో ఉంటే అది నీరే. సముద్రపు గాలి తగిలే మన జిల్లాల్లో ఇది మామూలే. సిరిమాను పండక్కి సెలవిచ్చి చాంబర్ తెరిచి వదిలేస్తే, మర్నాడంతా 18 దిగలేదు మాకు. లీక్ అని కంగారు పడక్కర్లేదు, సీల్స్ తట్టుకునేంతలో చాంబర్‌ను వేడిచేసి బేక్ చేయండి, ఈసారి చాంబర్ తెరిచేటప్పుడు పొడి నైట్రోజన్ నింపండి.

అసలు గాలి లీక్ అయితే 28 (నైట్రోజన్), 32కి (ఆక్సిజన్) నాలుగైదు రెట్లు ఉంటుంది, 28లో దాదాపు 7 శాతం 14 దగ్గర, సుమారు 1 శాతం 40 (ఆర్గాన్) దగ్గర కనబడతాయి. 28 ఉండి 14 దాదాపు లేకుండా, 12 ఉంటే కార్బన్ మోనాక్సైడ్ అనుకోవాలి. ఒక చిక్కు ఉంది: వేడి ఫిలమెంట్, కొత్తగా పడిన టైటానియం పొర ఆక్సిజన్‌ను మింగేస్తాయి, అందుకని 32 తక్కువైనా లీక్ లేదని అనలేం. అప్పుడు 40 చూస్తారు, కానీ మాలాగా స్పటరింగ్‌కు (ఒక పూత పద్ధతి) ఆర్గాన్ వాడేవాళ్లకు అదీ మోసం చేయొచ్చు. సిలిండర్ లైన్ వాల్వ్ మూసి, 40 పడిపోతుందేమో చూడండి.

తర్వాత 4 (హీలియం పీక్) మీద కన్నేసి జాయింట్ల చుట్టూ హీలియం కొట్టండి, పైనుంచి మొదలెట్టి కిందికి; 4 లేచిన చోటే లీక్. గాలి పోలిక స్పష్టంగా ఉండి, 4 ఎక్కడా లేవకపోతే లోపలి స్క్రూల మీద అనుమానపడాలి: గుడ్డి రంధ్రంలో బిగించిన స్క్రూ కింద చిక్కిన గాలి మెల్లగా బయటికొస్తూ ఉంటుంది. రంధ్రం ఉన్న స్క్రూ వేస్తే సరి.

ఆయిల్ మాత్రం పీక్‌ల గుంపుగా వస్తుంది: 41, 43, 55, 57, 69, 71, అలా 14 తేడాతో గుంపులు. 57 లేకుండా 69 ఒక్కటే ఎత్తుగా ఉంటే ఫ్లోరిన్ ఆయిల్ వాడిన పంపు వైపు చూడండి. 45 కనబడితే ఐపీఏతో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) తుడిచి ఆరనివ్వకుండా మూసేశారేమో అడగండి, మా దగ్గర అడిగితే సగంసార్లు అవుననే అంటారు.

అంతా బాగున్న రోజు స్కాన్ ఒకటి ప్రింట్ తీసి, తేదీ, ప్రెషర్ రాసి మెషిన్‌కి అతికించుకోండి.